పంపుకీ కాలమ్‌కీ మధ్య

తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేశారని అత్తగారు పసిగట్టారు.

కంటికి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషికి చెవులే కళ్ళు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, కుళాయి చప్పుడు వినిపిస్తోంది, మాటలు మాత్రం లేవు. మామూలుగా అయితే ఆ ఇద్దరూ ఆఫీసుల నుంచి రాగానే వంటింట్లో దూరి, పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా పంపులనీ పీక్‌లనీ కాలమ్‌లనీ ఏదో తమ భాష మాట్లాడుకునేవారు. ఆవిడకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా ఆ సందడి ఇంటికి అలవాటైపోయింది. ఇప్పుడు "ఉప్పు వేశావా?", "వేశానక్కా" తప్ప ఇంకేమీ లేదు.

"ఏమైందర్రా మీకు?" అని హాల్లోంచే అడిగారు.

"ఏం కాలేదత్తయ్యా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇద్దరూ ఒకేసారి అన్నారంటే ఏదో అయినట్టే. అత్తగారికి ఆ మాత్రం తెలుసు.

అయిన మాట నిజమే కాని, అది ఆవిడ అనుకున్నది కాదు. పెద్దకోడలు ఒక మందుల కంపెనీ పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తుంది. చిన్నకోడలు అదే కంపెనీకి ఊరవతల ఉన్న ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కొత్తగా చేరింది. ఒక మాత్రలో ఏ మలినం ఎంతుందో కొలిచే పద్ధతిని, వాళ్ళ మాటల్లో మెథడ్‌ని, పెద్దకోడలు తయారుచేసింది. ఇప్పుడది ఫ్యాక్టరీకి బదిలీ కావాలి. బదిలీ అంటే కాగితాలు పంపితే తీరిపోయే పని కాదు. ఒకే మందును ఇక్కడొకరు, అక్కడొకరు విడివిడిగా పరీక్షించాలి. ఇద్దరి లెక్కలూ కలవాలి. అవి తేలేదాకా ఆ ఇద్దరూ దాని గురించి నోరు విప్పకూడదు. విప్పితే ఒకరిది చూసి ఒకరు రాసినట్టవుతుంది. అక్కడ పరీక్షించే మనిషి చిన్నకోడలేనని తెలిసిన రోజున, ఇలాంటి నియమాలు చూసే క్వాలిటీ విభాగం మేడమ్ ఇద్దరినీ పిలిపించి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఒకే ఇంట్లో ఉంటారటగా? ఇంట్లో కూడా వద్దు. వంటింట్లో అసలే వద్దు," అని చెప్పి సంతకాలు పెట్టించుకుంది.

అప్పట్లో ఇద్దరూ బయటికొచ్చి నవ్వుకున్నారు. ఫలితాలు రావడం మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది.

*

పెద్దకోడలి ల్యాబ్‌లో అందరికంటే సీనియర్ ఒక యంత్రం. దాని కంపెనీ పేరున్న స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది. అందరూ బామ్మ అంటారు. పొద్దున్న ఆన్ చేయగానే కాసేపు దగ్గుతుంది, పంపులోంచి బుడగలు కక్కుతుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుపోతుంది. దాని పనేమంటే, మందు కరిగించిన నీళ్ళ చుక్కను ద్రావకంతో పాటు ఒక ఉక్కు గొట్టంలోకి తోయడం. ఆ గొట్టమే కాలమ్. దాని నిండా మెత్తటి పొడి దట్టించి ఉంటుంది. మందు ఒకలా, మలినాలు ఇంకోలా ఆ పొడిని పట్టుకుని వేళ్ళాడతాయి. రెండు ద్రావకాలు కలిపే పాళ్ళు మారుస్తూ ఘాటు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే ఒక్కొక్కటే పట్టు వదిలి బయటికొస్తుంది. వచ్చినదల్లా తెర మీద ఒక శిఖరం గీస్తుంది. ఏ శిఖరానికి ఆ శిఖరం విడిగా నిలబడితేనే లెక్క కుదురుతుంది.

ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి, క్వాలిటీ మేడమ్ చేతుల మీదుగా, మూడో విడత శిఖరాల బొమ్మలొచ్చాయి. ముందు రెండు విడతల్లాగే ఇవీ తప్పాయి. మొదటి రెండు మలినాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే మొద్దు శిఖరంగా దిగాయి.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. పొడుగు కాలమ్ మీద నడిచే మెథడ్‌ని ఫ్యాక్టరీ కోసం పొట్టి, సన్న కాలమ్‌కి కుదించింది తనే. కాలమ్ అడ్డకొలతను బట్టి ప్రవాహం తగ్గించింది. లోపలి ఖాళీ ఎంత తగ్గిందో చూసి, ఎక్కించే చుక్కనూ, ఘాటు పెంచే వేళలనూ ఆ లెక్కనే తగ్గించింది. లెక్కలు చేసి ఊరుకోకుండా ఆ పొట్టి కాలమ్‌ని బామ్మకి తగిలించి చూసింది. ముచ్చటగా విడిపోయాయి. ఇక్కడ విడిపోయినవి అక్కడెందుకు కలుస్తాయి?

"అదే కాలమ్. అదే మందు. మీ చేతిలో విడిపోయాయి, అక్కడ విడిపోలేదు. మరి తేడా ఏముంది? చెయ్యి," అన్నాడు ల్యాబ్ హెడ్. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయనకు ఏ ఫైలూ బల్ల మీద ఉండకూడదు, అంతే. ప్రతి మాటా "ముగించేద్దాం"తో ముగిస్తాడు కాబట్టి వెనకాల ఆయన పేరు ముగించేద్దాం సార్. "కారణం దగ్గర విశ్లేషకురాలి పొరపాటు అని రాసేద్దాం. మెథడ్ తయారుచేసిన మనిషిగా మీరు సంతకం పెట్టండి. ముగించేద్దాం."

"అలా రాస్తే ఆ అమ్మాయిని యంత్రం మీంచి తీసేస్తారు కదండీ."

"తీస్తారు. మళ్ళీ శిక్షణ ఇస్తారు. అందాకా శాంపిల్ సీసాలకు లేబుళ్ళు అతికించుకుంటుంది."

ప్రొబేషన్‌లో ఉన్న మనిషి లేబుళ్ళకు వెళితే మళ్ళీ వెనక్కి రావడం కల్ల. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా పెద్దకోడలు పెదవి విప్పలేదు. తన మెథడ్ మీద ఆమెకు అంత నమ్మకం. నిజంగానే చెయ్యి తప్పిందేమో, కొత్త పిల్ల కదా అని కూడా లోపల్లోపల అనుకుంది. కాగితం వచ్చాక చూద్దాంలే అని బామ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కాగితం రాలేదు కాని ఒక ప్రశ్న వచ్చింది. క్వాలిటీ మేడమ్ ద్వారా, పద్ధతి ప్రకారం, మెయిల్‌లో వచ్చింది.

"మెథడ్ రూపకర్త గారికి. మా దగ్గర చివరి శిఖరాలన్నీ ఒకే లెక్కన ముందుకు జరిగాయి, వాటి మధ్య ఎడం చెడలేదు. మొదటి రెండింటి మధ్య ఎడమే చెడింది. మీ యంత్రంలో ద్రావకాలు కలిసే చోటు నుంచి కాలమ్ దాకా ఎంత ద్రవం పడుతుందో దయచేసి తెలియజేయగలరు."

కింద చిన్నకోడలి సంతకం. పొద్దున్న టీ గ్లాసు చేతికిచ్చి "చక్కెర సరిపోయిందా అక్కా?" అన్న మనిషి తనని రూపకర్త గారంటుంటే నవ్వు రావలసింది. ఆమెకు చిరాకు వచ్చింది. మూడుసార్లు తప్పి, ఇప్పుడు నా బామ్మ మీద పడిందా?

ముగించేద్దాం సార్ తల ఊపుతూ చదివి, "మెథడ్‌లో ఉన్నది పాటిస్తే చాలు, అదనపు వివరాలు అక్కర్లేదు అని రాయండి," అన్నాడు. ఆమె రాసింది. రాసి, ఒకసారి చదువుకుని, "పాటిస్తే" అన్న మాటకు ముందు "జాగ్రత్తగా" అన్న మాట చేర్చింది. అది ఆయన చెప్పింది కాదు.

*

సాయంత్రం అత్తగారి కంట్లో చుక్కలు వేసే వేళకు చిన్నకోడలు ఇంకా ఇల్లు చేరలేదు.

"నువ్వెయ్యి పెద్దమ్మాయ్, ఏం చేస్తాం," అన్నారావిడ తల వెనక్కి వాల్చి, ఉరిశిక్షకు సిద్ధపడ్డట్టు.

పెద్దకోడలు సీసా వంచి వత్తింది. ఏమీ రాలేదు. మూతి అడ్డుపడిందేమోనని చెయ్యి కాస్త పక్కకు తిప్పి చూసింది. అప్పుడు రాలింది చుక్క. అది తిన్నగా బుగ్గ మీద పడి చెవి వైపు జారింది.

"నా బుగ్గకు ఆపరేషన్ చెయ్యలేదే తల్లీ."

రెండోసారి వత్తితే ముక్కు మీద పడింది. మూడోసారి వత్తబోతుంటే చిన్నకోడలు వచ్చి, సంచి అవతల పెట్టి, చేతులు కడుక్కుని, మాట్లాడకుండా సీసా అందుకుంది. అరచేతి అంచు అత్తగారి నుదుటికి ఆనించింది. చుక్క ఎక్కడ పడాలో అక్కడ పడింది. రెండో చుక్కా అంతే.

"చూశావా? చిన్నదాని చేతిలో చుక్క పక్కకు పోగా నేను చూళ్ళేదు. కళ్ళున్నప్పుడూ చూళ్ళేదు, కట్టు కట్టినప్పుడూ చూళ్ళేదు." అత్తగారు కన్ను మూసుకునే ఇద్దరి చేతులూ దొరకబుచ్చుకున్నారు. "ఇప్పుడు చెప్పండి. ఎవరిది తప్పు?"

"నాదేనంటున్నారత్తయ్యా," అంది చిన్నకోడలు.

"అంటున్నారా? ఎవరంటున్నారు? మీ అక్కా?"

"కాదులెండి. ఆఫీసులో." చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు అక్కడే కూర్చుండిపోయింది. వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే మాట వస్తుంది, మాట వస్తే సంతకం పెట్టిన నియమం పోతుంది. వేయకపోవడానికి నియమం ఒక్కటే కారణమా అంటే కాదు. మధ్యాహ్నం పంపిన జవాబు ఈ పాటికి చదివే ఉంటుంది. ఆ "జాగ్రత్తగా" చదివి వచ్చి, ఇంత జాగ్రత్తగా రెండు చుక్కలు వేసింది. ఆ చేతికి పొరపాటని పేరు పెట్టి రేపు తను సంతకం పెట్టాలి.

రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైంది. పెద్దకోడలు మంచినీళ్ళు తాగుతూ భోజనం ముగించింది.

*

మర్నాడు ఆమె వెళ్ళేసరికి కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న చుక్క కూడా ఉంది. ముగించేద్దాం సార్ ఏదో మీటింగుకి వెళుతూ, "వచ్చేసరికి పెట్టేయండి," అన్నాడు.

పెన్ను తీసింది. ఆ పక్కనే ఫ్యాక్టరీ బొమ్మ ఉంది. నిన్న మొద్దు శిఖరాన్ని చూసి ఒళ్ళు మండి మిగతావి చూడలేదు. ఇప్పుడు తన బొమ్మను పక్కన పెట్టుకుని, స్కేలు పెట్టి కొలిచింది. చివరి శిఖరాలన్నీ ఎంత ముందుకు జరిగాయో చూసింది. ఒకటి ఎంత జరిగిందో పక్కదీ దాదాపు అంతే, ఆ పక్కదీ అంతే. మూడు విడతల్లోనూ అదే తీరు. చెయ్యి తప్పితే ఇంత క్రమశిక్షణగా తప్పదు. ఆ పిల్ల ప్రశ్నలో అదే రాసింది. తను జవాబు రాసింది కాని ప్రశ్న చదవలేదు.

పెన్ను జేబులో పెట్టుకుని స్పానరు తీసుకుంది.

బామ్మకి తగిలించిన కాలమ్‌ని విప్పేసి, దాని అటూ ఇటూ ఉన్న గొట్టాలు రెండింటినీ నేరుగా కలిపేసింది. ఒక సీసాలో వట్టి ద్రావకం పోసింది. రెండో సీసాలో అదే ద్రావకం పోసి, గోళ్ళరంగు తుడిచే అసిటోన్ ఒక్క బొట్టు కలిపింది. అసిటోన్ తగిలితే తెర మీద గీత పైకి లేస్తుంది. రెండో సీసాని ఇప్పుడే మొదలుపెట్టమని పంపుకి చెప్పి గడియారం చూసింది.

గీత కదల్లేదు.

ఇంకా కదల్లేదు. పంపు తిరుగుతోంది, సీసాలో మట్టం తగ్గుతోంది, గీత మాత్రం నేల మీద పడుకున్నట్టే ఉంది. పక్క బల్ల దగ్గరి కెమిస్టు వచ్చి, "బామ్మకి ఒంట్లో బాగాలేదా?" అని పలకరించి వెళ్ళాడు. రెండు నిమిషాలు దాటింది. అప్పుడు, ఏమీ తొందర లేనట్టు, గీత మెల్లగా తల ఎత్తింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తెలియని విషయమేమీ కాదు. ప్రతి యంత్రంలోనూ పంపుకీ కాలమ్‌కీ మధ్య కాస్త దారి ఉంటుంది, ఘాటు పెంచమని చెప్పిన వెంటనే అది కాలమ్‌ని చేరదు. చదువుకున్నదే, మార్కులు తెచ్చుకున్నదే. కాని ఏళ్ళ తరబడి ఒకే యంత్రం ముందు కూర్చుంటే దాని నడకే లోకం నడక అనిపిస్తుంది. బామ్మ లోపలి దారి పొడుగు. ఘాటు వచ్చేలోపు ఆ రెండు నిమిషాల్లో మొదటి రెండు మలినాలు తీరిగ్గా విడిపోతున్నాయి. ఫ్యాక్టరీలో ఉన్నది కొత్త యంత్రం, లోపల అన్నీ సన్నటి పొట్టి గొట్టాలు. అక్కడ ఘాటు ఇలా అనగానే అలా వచ్చి మీద పడుతోంది; పాపం ఆ రెండూ విడిపోవడానికి వ్యవధి ఏది? కాలమ్‌ని కొలిచింది, చుక్కను కొలిచింది, ప్రవాహాన్ని కొలిచింది. బామ్మను మాత్రం కొలవలేదు. మెథడ్‌లో ఆ రెండు నిమిషాలు ఎక్కడా లేవు. అవి బామ్మ కడుపులో ఉన్నాయి.

సిగ్గేసింది. ఎక్కువ సిగ్గేసింది ఆ లెక్కకు కాదు, జవాబులో తను చేర్చిన ఆ ఒక్క మాటకు.

ముగించేద్దాం సార్ వచ్చి, ఖాళీగా ఉన్న సంతకం చోటునీ, నేరుగా కలిపిన గొట్టాలనీ చూసి నిట్టూర్చాడు. అంతా విన్నాడు. "ఇప్పుడు మెథడ్ తప్పంటారా?"

"బామ్మ మీద తప్పు కాదండీ. బామ్మను దాటి బయటికి వెళితే తప్పు."

"మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళు. తోడికోడల్ని వెనకేసుకొస్తోందంటారు. ఆలోచించుకోండి."

"అంటారనే, నోటి మాటతో చెప్పను. ఆ యంత్రం మీద నేనే చేస్తాను, నా చేత్తో, వాళ్ళందరి ముందూ. విడిపోతే అక్కడికక్కడే సంతకం పెడతాను. విడిపోకపోతే నా చెయ్యి కూడా తప్పని రాయండి."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి తనే క్వాలిటీ మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని, "రావచ్చు. కాని ఆ యంత్రాన్ని ముట్టుకునే అర్హత ఆవిడకు లేదుగా?" అంది. "ముందు శిక్షణ తీసుకోవాలి. దాని మీద శిక్షణ ఇవ్వగలిగినది ప్రస్తుతం అక్కడ ఒక్కరే." ఫోన్‌లోనే కళ్ళజోడు పైనుంచి చూస్తున్నట్టు తెలిసిపోయింది. "శిక్షణ గురించి మాట్లాడుకోవచ్చు. ఫలితాల గురించి కాదు. నేనూ ఉంటాను."

*

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ బస్సు ఆగే చోట తెల్లకోటు చేత్తో పట్టుకుని నిలబడ్డ తోడికోడల్ని చూసి చిన్నకోడలు ఆగిపోయింది.

"ఎక్కడికక్కా?"

"మీ ఫ్యాక్టరీకే."

ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. ఉన్న నాలుగు ముక్కలూ చెప్పి ధైర్యం చెప్పాలని పెద్దకోడలికి నోటిదాకా వచ్చింది. చెబితే అక్కడ చేయబోయేదంతా బూడిదలో పోసినట్టే. అందుకని బస్సులో ఆమె ముందు సీట్లో, ఈమె వెనక సీట్లో కూర్చుని, ఇద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ వెళ్ళారు. ముందు సీట్లో మెడ నిటారుగా ఉంది. యుద్ధానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత నిటారుగా కూర్చోరు.

ఫ్యాక్టరీ ల్యాబ్ చల్లగా, చిన్నగా ఉంది. కొత్త యంత్రం పెట్టెలు పేర్చినట్టు సన్నగా ఉంది, దగ్గూ లేదు, తుమ్మూ లేదు. క్వాలిటీ మేడమ్ కుర్చీ తెచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యలో వేసుకుంది. ఫ్యాక్టరీ ల్యాబ్ అధికారి గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆయనకు చిన్నకోడలి మీద కోపమేమీ లేదు, ఆశ కూడా లేదు.

"మొదలుపెట్టండి," అంది క్వాలిటీ మేడమ్.

చిన్నకోడలు తోడికోడలి వైపు తిరిగింది. "మేడమ్, ముందు ఈ గొట్టాల్లో గాలి లేకుండా చూసుకోవాలి. ఇది నొక్కండి. ఇప్పుడు కాలమ్ బిగించండి."

పెద్దకోడలు అలవాటు కొద్దీ స్పానరుకి ఒంట్లో బలమంతా ఇచ్చింది.

"అంత బిగించొద్దు మేడమ్. వేళ్ళతో చాలు. ఇది బామ్మ కాదు."

క్వాలిటీ మేడమ్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దకోడలు బుద్ధిమంతురాలిలా వేళ్ళతో బిగించింది. తనకంటే చిన్నది చెబుతుంటే తలూపడం కష్టమవుతుందనుకుంది కాని కాలేదు. పిల్ల చక్కగా చెబుతోంది. ఎక్కడ చెయ్యి పెట్టాలో చెబుతుంది, ఎందుకో చెబుతుంది, తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని మన చేత చేయిస్తుంది. ఒక్కసారి కూడా తొందరపడి లాక్కోలేదు. శిక్షణ పూర్తయిందని కాగితం మీద శిక్షకురాలు సంతకం మాత్రం ఒక్కో అక్షరమే ఆగి ఆగి పెట్టింది. ఆ సంతకం పెట్టే హక్కు తనకింకా ఎన్నాళ్ళుంటుందోనని అనుమానం కాబోలు.

ఆ తర్వాత పెద్దకోడలు తూచింది, కరిగించింది, వడకట్టింది, సీసాల్లో పోసింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాగితం మీద ఉన్న తన మెథడ్‌ని తన చేత్తో, అక్షరం పొల్లుపోకుండా, నిజంగానే జాగ్రత్తగా పాటించింది. మీట నొక్కి వెనక్కి జరిగింది.

తెర మీద గీత సాగింది. అందరూ ముందుకు వంగారు. గీత లేచింది, లేచి ఇంకా లేచి, కిందికి దిగకుండానే మళ్ళీ భుజం ఎగరేసి, అప్పుడు దిగింది. మొద్దు శిఖరం. చిన్నకోడలు మూడుసార్లు పంపినదే, అచ్చు గుద్దినట్టు అదే.

మెథడ్ విఫలమైతే ఇంత సంతోషించిన రూపకర్త ఇంకెక్కడా ఉండదు. "మళ్ళీ ఎక్కిస్తాను," అని మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అదే.

"చూశారుగా. ఇది తన చేతి తప్పు కాదు. చెయ్యి మారింది, తప్పు మారలేదు. మెథడ్‌లో ఒక మాట తక్కువుంది. ఆ మాట రాయాల్సింది నేను. రాయలేదు."

గోడకు ఆనుకున్న ఆయన చేతులు విప్పాడు. చిన్నకోడలు అటు తిరిగి, టిష్యూ కాగితంతో బల్ల మీద లేని మరకను తుడవసాగింది. బల్ల బాగా మెరిసేదాకా తుడిచి, ఇటు తిరిగి, "ఇప్పుడు మాట్లాడొచ్చా మేడమ్?" అని క్వాలిటీ మేడమ్‌ని అడిగింది.

"రెండు చేతుల ఫలితాలూ వచ్చేశాయిగా. ఇక మాట్లాడుకోండి."

అంతే, ఆనకట్ట తెగింది.

"అక్కా, నీ దగ్గర ఎంతొచ్చింది? నేను ఇక్కడిది ఎప్పుడో కొలిచిపెట్టుకున్నా..."

"రెండు నిమిషాల పైచిలుకు. అసిటోన్‌తో చూశాను. నీది?"

"అర నిమిషం కూడా లేదు. అంటే ఆ తేడా అంతా మొదట్లో..."

"ఆపాలి. ఘాటు పెంచకుండా ఆపాలి."

"బామ్మలా నిలబెట్టాలి దీన్ని!"

ఒకరి మాట మీద ఒకరి మాట పడుతోంది. ముందు మాట ఎవరిదో, తర్వాత మాట ఎవరిదో రాసుకుందామని కలం తీసిన క్వాలిటీ మేడమ్ మూడో వాక్యానికి కలం మూసేసింది. చిన్నకోడలు తేడా లెక్కకట్టి, మొదట్లో అంతసేపు ద్రావకం మారకుండా ఉంచమని యంత్రానికి చెప్పింది. అదే సీసా, అదే కాలమ్. ఈసారి మీట నొక్కమని పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టి ముందుకు తోసింది.

మొదటి శిఖరం లేచి, దిగి, నేలను తాకింది. కాస్త ఎడం ఇచ్చి రెండోది లేచింది.

గోడ దగ్గరి ఆయన దగ్గరికొచ్చి తెర చూశాడు. "ఈ యంత్రం మీద నువ్వే ఉండమ్మా," అన్నాడు చిన్నకోడలితో. "రేపటి నుంచి ఇంకో ఇద్దరికి కూడా నేర్పాలి." అని వెళ్ళిపోయాడు. సాయంత్రం ముగించేద్దాం సార్‌కి ఫోన్ చేసి, కారణం దగ్గర మెథడ్ సవరణ అని రాయాలని పెద్దకోడలు చెప్పింది. "సరే. నిజంగానే ముగిసిందన్నమాట," అన్నాడాయన.

*

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

"ఆ జవాబులో జాగ్రత్తగా అన్న మాట నాది. సార్ చెప్పింది కాదు. చాలా తప్పు చేశానే," అంది పెద్దకోడలు.

"తెలుసక్కా. చదవగానే తెలిసింది. నీ మాట నాకు తెలీదా?" అంది చిన్నకోడలు. "ఆ రాత్రి కూరలో ఉప్పు చెయ్యి జారి పడింది కాదు."

"నీ చెయ్యి జారదని అప్పుడే అనుమానం వచ్చింది."

పక్క సీట్లో కునుకు తీస్తున్నాయన ఉలిక్కిపడి లేచేంత గట్టిగా నవ్వారు.

వీధి తలుపు తీయకముందే అత్తగారికి వాళ్ళ గొంతులు వినిపించాయి. గొట్టాలంటున్నారు, బామ్మంటున్నారు, ఘాటంటున్నారు, ఒకళ్ళు చెప్పేది ఒకళ్ళు వినడం లేదు. ఆవిడ కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

"మొన్న నేను కూర్చోబెట్టి అడిగాను కాబట్టి దారికొచ్చారు," అన్నారు గర్వంగా. "పెద్దవాళ్ళుండేది అందుకే."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, "అవునత్తయ్యా," అన్నారు ఒకేసారి.

చుక్కల వేళయింది. చిన్నకోడలు చేతులు కడుక్కుని సీసా తీసి, తను వెయ్యకుండా పెద్దకోడలి చేతిలో పెట్టింది.

"వద్దే తల్లీ, నా బుగ్గ వద్దంటోంది," అన్నారు అత్తగారు.

"ఒక్కసారి చూడండత్తయ్యా. అక్కా, అరచెయ్యి నుదుటికి ఆనించు. ఆఁ, అలాగే. ఇప్పుడు వత్తు."

పెద్దకోడలు వత్తింది. ఏమీ రాలేదు. అలవాటుగా చెయ్యి పక్కకు జరగబోయింది. చిన్నకోడలు ఆ మణికట్టును మెత్తగా పట్టుకుంది.

"కదలకక్కా. ఈ సీసా మూతి పొడుగు. వత్తిన చుక్క చివరికి రావడానికి కాస్త వ్యవధి పడుతుంది. నువ్వు ఆగవు, అదే నీతో చిక్కు."

పెద్దకోడలు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఇద్దరికీ నవ్వు పొంగుకొస్తోంది. నవ్వితే చెయ్యి కదులుతుంది. పళ్ళ బిగువున ఆపుకుని అలాగే నిలబడ్డారు. సీసా మూతి దగ్గర చుక్క మెల్లగా ఊరి, గుండ్రంగా నిండి, రాలింది.

"పడిందే!" అన్నారు అత్తగారు, కన్ను గట్టిగా మూసుకుని. "ఎవరేశారు?"